నీలం షెడ్డు నుంచి కారం మిల్లుకి

నేను నీలం షెడ్డులో నాలుగేళ్లు పనిచేశాను. దాని అసలు పేరు పొడుగ్గా, నోరు తిరగని విదేశీ పేరు. నరసరావుపేట దాటాక మెయిన్ రోడ్డు పక్కన నీలం రేకులతో కట్టారు కాబట్టి ఆటోవాళ్లు, బస్సు కండక్టర్లు, మా ఇంట్లోవాళ్లు అందరూ నీలం షెడ్డనే అనేవాళ్లు. మన దగ్గర ఎండు మిరపకాయలు కొని, శుభ్రం చేసి, కొంత పొడి కొట్టి, కొంత నూనె తీసి, ఓడల మీద పై దేశాలకు పంపే కంపెనీ అది. పెట్టుబడీ యంత్రాలూ బయటివి. కాయలు ఇక్కడివి, మనుషులం ఇక్కడివాళ్లం.

మాది మాచవరం పక్కన పల్లె. మా అమ్మ సీజనంతా మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మంట పెడుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. నన్ను మాత్రం ఆ పనికి రానివ్వలేదు. నరసరావుపేటలో కెమిస్ట్రీతో డిగ్రీ చదివించింది. తీరా నాకు దొరికిన ఉద్యోగం కూడా మిరపకాయల్లోనే, కాకపోతే తెల్ల కోటు వేసుకుని ల్యాబులో. చర్చిలో పాస్టరు గారు నా కోసం ప్రార్థన చేయించారు. అమ్మ ఆ ఆదివారం కొత్త చీర కట్టుకుంది.

నా పని ఇది. గేటు దగ్గరికి లారీ రాగానే నేనూ ఇంకొకరూ వెళ్లి, బస్తాల్లో ఇనప గొట్టం గుచ్చి కాయలు తీయాలి. వాటిని ల్యాబుకు తెచ్చి తేమ ఎంతుందో మీటర్ మీద చూడాలి. కాయ చీల్చి లోపల బూజు ఉందేమో చూడాలి. ఆ బూజులో ఒక విషం పుడుతుంది. ఒక చిన్న స్ట్రిప్ మీద దాని గీత వస్తే ఆ లారీ మొత్తానికి ఎర్ర స్టిక్కరు. రాకపోతే పచ్చ స్టిక్కరు. ఎర్ర స్టిక్కరు పడిన లారీ వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఎందుకు వద్దన్నామో సరుకు తెచ్చినవాళ్లకి చెప్పకూడదు. మా ల్యాబు మేనేజరు చెన్నై ఆయన, నెమ్మదిగా, జాగ్రత్తగా మాట్లాడే మనిషి. "కారణం చెబితే వాళ్లు తప్పు మానరు, తప్పు దాచడం నేర్చుకుంటారు" అనేవారు. మొదటి రెండేళ్లు నాకు అది సబబుగానే తోచింది.

మూడో ఏడు సీజన్లో, నరసరావుపేటలో, కారం కొట్టడంతో పాటు తొడిమలు తీసిన కాయ కూడా అమ్మే ఒక మిల్లు నుంచి వచ్చిన సరుకుకి వరసగా మూడుసార్లు ఎర్ర స్టిక్కరు పడింది. మూడోసారి ఆ మిల్లు యజమానే లారీతో వచ్చాడు. యాభై దాటిన సాయిబు, గడ్డం సగం నెరిసింది, చొక్కా జేబులో రెండు కళ్లజోళ్లు. వాళ్ల నాన్న రోకలి మిషన్‌తో మొదలుపెట్టిన మిల్లు అది. సెక్యూరిటీ వాళ్లు లోపలికి రానివ్వలేదు. నేను భోజనానికి క్యాంటీన్ వైపు పోతుంటే గేటు కమ్మీల అవతల నుంచి పిలిచాడు.

"అమ్మా, నువ్వేనా కాయ చూసేది?"

"అవును బాబాయ్."

"తప్పేందో చెప్పమ్మా. దిద్దుకుంటా. మూడు లారీలు ఎనక్కి తీసకపోతే నేనేం కావాలి?"

"నాకు తెలీదు బాబాయ్. మిషన్ చెప్తది, మేం రాస్తాం."

ఆయన తలూపి, ఎండలో నిలబడ్డ లారీ వైపు వెళ్లిపోయాడు. నాకు తెలుసు. ఆ కాయ చీల్చగానే తెలిసింది. బస్తాల్లోకి ఎత్తేముందు నీళ్లు చల్లారు. ఎండు కాయ పెళుసుగా ఉంటుంది, తొక్కి నింపితే ముక్కలవుతుంది. నీళ్లు చల్లితే మెత్తబడి పగలదు, బరువు కూడా బస్తాకి నాలుగు కిలోలు ఎక్కువ తూగుతుంది. ఇక్కడ అందరూ చేసే పనే. కానీ ఆ తడి బస్తా నడుమ చిక్కుకుని బూజు పెడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఒక్కచోట కూర్చోలేకపోయాను. ఊరికే లేచి కిటికీ దగ్గరికి పోవడం, తుడిచిన బల్లే మళ్లీ తుడవడం. తెలిసి తెలియదనడం నాకు కొత్తేం కాదు, అది మా ఉద్యోగంలో రోజూ ఉన్నదే. ఆయన మాత్రం దిద్దుకుంటానన్నాడు. వచ్చినవాళ్లు అరిచేవాళ్లు, సిఫార్సులు చేయించేవాళ్లు, దండం పెట్టేవాళ్లు. దిద్దుకుంటానన్నవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

నాలుగు రోజులకి, డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉంటే ఆయన స్కూటర్ మీద పోతూ నన్ను చూసి ఆగాడు. ఏమీ అడగలేదు, బాగున్నావా అమ్మా అన్నాడంతే. నేనే అన్నాను.

"నీళ్లు కొట్టొద్దు బాబాయ్."

ఆయన స్కూటర్ ఆపేశాడు. "నీళ్లు కొట్టకపోతే కాయ పగిలిద్దమ్మా. పగిలిన కాయ ఎవడు కొంటాడు?"

"కొడితే లోపల బూజు పడుద్ది. పైకి కనపడదు. మీరు తెచ్చిన మూడు లారీలకీ అదే."

అంతలో బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక ఒక సంగతి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంటికి వెళ్లగానే బీరువాలో నుంచి దాన్ని తీసి మా ఆయనకిచ్చాను. ఆయన మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్తాడు. రెండుసార్లు చదివాడు.

"ఇక్కడ తెలుసుకున్న రహస్య సమాచారం బయటివారికి ఇవ్వరాదు అని ఉంది" అన్నాడు.

"ఇచ్చేశా."

సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు. "కాయకి నీళ్లు కొడితే బూజు పడుద్దని మీ అమ్మకి తెలీదా? అది రహస్యం ఎట్టయిద్ది?"

అమ్మకు తెలుసు. కానీ ఎంత శాతం తడికి బూజు పెడుతుంది, ఎన్ని రోజులకి విషమవుతుంది, దాన్ని ఎట్లా కనిపెట్టాలి అనేది మాత్రం నేను నీలం షెడ్డులో నేర్చుకున్నదే. ఏది అమ్మ చేతి విద్య, ఏది కంపెనీ ఇచ్చింది అని విడదీయాలని చూసేదాన్ని. విడిపోయేవి కావు. కాగితాన్ని బీరువాలో పెట్టేశాను గానీ, దాని మీద ధ్యాస పోలేదు.

ఆ తరువాత ఎర్ర స్టిక్కరు అంటించిన ప్రతిసారీ కాళ్లు గేటు వైపు లాగేవి. పోయి చెప్పాలని. చెప్పలేకపోయేదాన్ని. ఒక ఆదివారం ఆ మిల్లు బాబాయి తన భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. నీళ్లు మానేశాడట, కాయ పగిలిందట, మళ్లీ కొట్టాడట. ఏం చేయాలో పాలుపోవడం లేదన్నాడు.

"మా మిల్లుకి రామ్మా. వాళ్లిచ్చేంత జీతం ఇయ్యలేను. బస్సు లేదు, క్యాంటీన్ లేదు. కానీ నువ్వు చెప్పింది చేస్తా."

రానని చెప్పాను. ఆయన భార్య నా చేయి పట్టుకుని, "ఆలోచించు బిడ్డా, తొందరేం లేదు" అంది.

ఆరు నెలలు ఆలోచించాను. అంటే, ఆరు నెలలు నాకూ నెమ్మది లేదు, ఇంట్లోవాళ్లకీ నెమ్మది లేదు. అన్నం వండుతూ మా ఆయన్ని అడిగేదాన్ని, బట్టలారేస్తూ అమ్మకి ఫోన్ చేసేదాన్ని. అమ్మ ఒకటే మాట. "తెల్ల కోటు వదిలిపెట్టి మళ్లా కల్లంలోకి పోతావంటే ఇంకెందుకు చదివించినట్టు?" నాకు తెలిసిందల్లా ఒకటి. ఆ ల్యాబులో నా పని తప్పు పట్టుకోవడం. దిద్దడం ఎవరి పనో ఆ కంపెనీలో ఎక్కడా రాసి లేదు.

రాజీనామా ఇచ్చిన రోజు మేనేజరు సారు "ఎక్కడికి వెళుతున్నారు?" అని అడిగారు.

"ఇంకా ఏం అనుకోలేదు సార్."

గేటు దగ్గర ఆ బాబాయితో చెప్పిన అబద్ధం తరువాత నన్ను పట్టుకున్న అబద్ధం ఇది రెండోది.

మిల్లు పాత మార్కెట్ వెనక సందులో ఉంది. రెండు గ్రైండింగ్ మిషన్లు, ఒక రేకుల షెడ్డు, వెనక సిమెంటు కల్లం. ఇరవై మంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని తొడిమలు తీస్తారు. వాళ్లకి పెద్ద ఒక మేస్త్రమ్మ, నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నేను చేరిన మొదటి రోజే అందరికీ తలకి టోపీలు ఇస్తే, ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. మేస్త్రమ్మ నవ్వలేదు. టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో కాయ బాగయిద్దా?" అంది.

"వెంట్రుకలు పడవు అక్కా."

"మా అమ్మల కాలం నుంచి పడతానే ఉన్నయ్. ఎవడూ చావలా." అని టోపీ పెట్టుకుంది. ఆమె పెట్టుకున్నాక మిగతావాళ్లూ పెట్టుకున్నారు.

నేను ముందు నీళ్లు మాన్పించాను. మధ్యాహ్నం ఎండలో, కాయ బాగా ఆరి గలగలమంటున్నప్పుడు బస్తాలకెత్తించాను. నీలం షెడ్డులో నీళ్లు కొట్టకుండా ఆరిన కాయనే ఎత్తుతారని నాకు తెలుసు. సాయంత్రం బస్తా విప్పి చూస్తే సగం కాయలు ముక్కలు, గింజలన్నీ అడుగున. మూడు రోజులు అదే జరిగింది. మూడో రోజు బాబాయి ఆ ముక్కల్లో చేయి పెట్టి గుప్పెడు తీసి నాకు చూపించాడు.

"నీ మాట ఇని మూడు రోజుల సరుకు పిండి చేసుకున్నా. ఇప్పుడేం చెప్తావు?"

నీలం షెడ్డులో కాయ పగలకపోవడానికి కారణం వాళ్లకు ఒక గది ఉండటం. ఆ గదిలో గాలిని తేమగా ఉంచే యంత్రాలు. ఆరిన కాయని ఒక పూట అందులో ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేవాళ్లు. ఆ గది నా పనిలోకి రాదు కాబట్టి నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నాలుగేళ్లలో నేను నేర్చుకున్నది, అన్నీ ఉన్నచోట ఏం చేయాలో. ఏమీ లేనిచోట ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. అట్లాంటి గది కట్టాలంటే ఈ మిల్లు అమ్మినా చాలదు.

కల్లం గట్టు మీద కూర్చుని ఉంటే మేస్త్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మా చిన్నప్పుడు పొలంలో నీళ్లు కొట్టేవోళ్లు కాదు, తెలుసా? పొద్దు పొడవకముందే గోతాలకెత్తేవోళ్లం. రేత్రి మంచుకి కాయ తోలు మాదిరి మెత్తగుంటది. పొద్దెక్కిందంటే ఇంక ముట్టుకోకూడదు."

"మరి మూడు రోజుల నుంచి చూస్తా చెప్పలేదేంది అక్కా?"

"నువ్వడిగావా? చదువుకున్నదానివి, నీకు తెలవకుండా ఉంటదా అని ఊరుకున్నా."

మర్నాడు ఇంకా చీకటి విడవకముందే ఆమె నలుగురిని తీసుకుని వచ్చింది. నేను మీటర్ పట్టుకుని నిలబడ్డాను. కాయ చేతిలో వంగింది, విరగలేదు. మీటర్ మీద తేమ కొంచెం పెరిగింది గానీ హద్దు దాటలేదు. వారం ఆగి ఆ బస్తాలు విప్పాం. కాయ కాయలాగే ఉంది. చీల్చి చూశాను. లోపల శుభ్రంగా ఉంది. బాబాయి రెండు కళ్లజోళ్లూ మార్చి మార్చి చూశాడు.

"ఇది కంపెనీలో నేర్పిందేనా?" అన్నాడు.

"కాదు. అక్క నేర్పింది."

మేస్త్రమ్మ అప్పుడే బేరం పెట్టింది. తెల్లారుజామున రావాలంటే ఇళ్లల్లో పిల్లలకి వంట ఎవరు చేస్తారు, కాబట్టి మధ్యాహ్నానికల్లా పని దిగాలి. బాబాయి కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

ఆ తరువాత ఏడాది నేను ఇంట్లో ఉన్నది తక్కువ, ఉన్నా కుదురుగా ఉన్నది ఇంకా తక్కువ. కల్లం చుట్టూ మేకలు రాకుండా తడిక కట్టించాను. బూజు కాయ ఏరి వేరే డబ్బాలో వేయడం నేర్పాను. ఏ బస్తా ఎవరి పొలం నుంచి వచ్చింది, ఎప్పుడు ఎత్తాం, తేమ ఎంత అని గోడకి ఒక చార్టు అంటించి, రాయడం వచ్చిన ఇద్దరికి అప్పగించాను. మేస్త్రమ్మకి చదువు రాదు గానీ మీటర్ మీద అంకెలు రెండు రోజుల్లో పట్టేసింది. కొన్నాళ్లకి కాయని చేత్తో నలిపి అంకె చెప్పేది. తరువాత మీటర్ పెట్టి చూస్తే దానికి అటూ ఇటుగా ఉండేది.

మా సందులో అట్లాంటి చిన్న మిల్లులు ఇంకో నాలుగున్నాయి. తెల్లారుజామున మా కల్లంలో లైట్లు వెలగడం వాళ్లు చూశారు. నెల తిరక్కుండా పక్క మిల్లువాళ్లు కూడా అదే వేళకి ఎత్తడం మొదలుపెట్టారు. మాలాగే టోపీలు కూడా తెచ్చారు. బాబాయికి కోపం వచ్చింది. "గోడ మీదనుంచి చూసి నేర్చుకుంటున్నారు. మనం మూడు రోజుల సరుకు పోగొట్టుకుని నేర్చుకున్నదాన్ని ఊరికే పట్టకపోతన్నారు" అన్నాడు. నేను గోడ లోపల ఉండి నేర్చుకుని బయటికి వచ్చినదాన్ని. వాళ్లని అనడానికి నాకు నోరెక్కడిది?

సందు చివర మిల్లు ఒకటి మాత్రం ఏదీ మార్చలేదు. ఒకే మిషన్ ఉన్న ముసలాయన. "నా గిరాకీలు ఇంటికి కారం కొట్టించుకునేవోళ్లు, ఫారిన్‌వోళ్లు కాదు" అనేవాడు. అది నిజమే, కానీ ఆయన దగ్గర తొడిమలు తీసే నలుగురు ఆడవాళ్లు మధ్యాహ్నానికి పని దిగే మా మిల్లుకి వచ్చేశారు. మనుషులు దొరక్క ఏడాది తిరిగేలోగా ఆయన మిషన్ అమ్మేశాడు. ఇప్పుడక్కడ బైకులు రిపేరు చేస్తున్నారు. ఆ సందులో పోయేటప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే పలకరించేదాన్ని. ఆయన బాగానే మాట్లాడేవాడు. నాకే అడుగు తొందరగా పడేది.

రెండో సీజన్ మొదట్లో బాబాయి మళ్లీ నీలం షెడ్డుకు సరుకు ఇస్తానని అర్జీ పెట్టాడు. ఈసారి వాళ్లు లారీ పంపమనలేదు, మిల్లు చూస్తామన్నారు. చూడటానికి వచ్చేది మా పాత మేనేజరు సారే అని తెలిసింది. సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. ఆయన నన్ను చూసి కేసు పెడతానంటే? అసలు మిల్లు సరుకే వద్దంటే? ఆ రోజు సెలవు పెడతానని బాబాయితో అన్నాను.

"నువ్వు లేకపోతే ఆయన అడిగేవాటికి నేనేం చెప్పేది? నేనేం దొంగతనం చేశానా? నువ్వు చేశావా?" అన్నాడు.

సారు కొత్త ల్యాబు మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. గుమ్మంలో నన్ను చూసి ఆగారు. ముఖంలో ఏమీ తెలియలేదు. "నమస్కారం. బాగున్నారా?" అన్నారు. అంతే, చూడటం మొదలుపెట్టారు. కల్లం, తడిక, చేతులు కడిగే చోటు, డబ్బాలు. కొత్త ల్యాబు మనిషి అన్నీ రాసుకుంటున్నాడు. చివరికి గోడ మీది చార్టు దగ్గర నిలబడ్డారు. నేను వేసిన గళ్లు, పెట్టిన పేర్లు, వాటి వరస, అన్నీ ఆయన తయారుచేసిన ఫారం లాంటివే. వేరే విధంగా వేయడం నాకు చేతకాలేదు. నాలుగేళ్లు అదే నింపినదాన్ని.

ఆయన చాలాసేపు చూశారు. బాబాయి నా వైపు చూశాడు. మేస్త్రమ్మ తొడిమలు తీయడం ఆపింది.

"ఈ గళ్లు నాకు తెలిసినట్టే ఉన్నాయి" అన్నారు.

నేను నేల చూశాను.

"చివర్లో సరిచూసినవారి సంతకం గడి ఉండాలి. అది మర్చిపోయారు. వేయండి." అని, తెల్లారుజామున ఎత్తడం గురించి అడిగారు. ఎందుకా వేళకి, తేమ ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్లు చూశారు. నేను చెప్పబోతే ఆగమని, మేస్త్రమ్మను అడిగారు. ఆమె లేచి నిలబడకుండానే అంతా చెప్పింది. ఆయన ఫోనులో రాసుకున్నారు. కల్లం ఫొటో తీసుకున్నారు.

వెళ్లేటప్పుడు కారు దగ్గర నాతో, "ఇంకా ఏం అనుకోలేదు అన్నారు ఆ రోజు" అన్నారు.

"తప్పయింది సార్."

"చెప్పి ఉండొచ్చు" అన్నారాయన. అందులో కోపం ఉందో, ఇంకేం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

పదిహేను రోజులకి మిల్లుకి ఆర్డరు వచ్చింది. ఆ సీజనంతా మా లారీలకి పచ్చ స్టిక్కర్లే. బాబాయి ఇంకో షెడ్డు వేశాడు, ఇంకో పదిహేను మందిని పెట్టుకున్నాడు. నా జీతం నీలం షెడ్డులో ఉన్నప్పటి జీతాన్ని అందుకుంది. అమ్మ కూడా అనడం మానేసింది.

తరువాతి సీజన్‌కి ముందు, నీలం షెడ్డువాళ్లు తొడిమలు తీసే పని తామే పెట్టుకుంటామని ప్రకటించారు. కొత్త షెడ్డు వేసి, టోపీ పెట్టుకోవడం, బూజు కాయ గుర్తుపట్టడం, మీటర్ చూడటం వచ్చిన ఆడవాళ్లు కావాలని ఊరంతా చెప్పించారు. బస్సు, పీఎఫ్, ఈఎస్ఐ కార్డు. ఆ పనులు వచ్చిన ఆడవాళ్లు ఊళ్లో ఎక్కడున్నారు? మా దగ్గరే.

మొదట మేస్త్రమ్మే వచ్చి చెప్పింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ నా బల్ల ముందు నిలబడింది.

"సోమారం నుంచి ఆడికి పోతన్నా."

నేను చేతిలో పెన్ను కింద పెట్టాను.

"మా ఆయనకి కిడ్నీలో రాయి. కార్డు ఉంటే ఆస్పత్రి చూసుకుంటారంట" అంది.

"మంచిదే అక్కా."

"నువ్వు ఆడ నేర్చుకుని ఈడికొచ్చావు. నేను ఈడ నేర్చుకుని ఆడికి పోతన్నా. తప్పేంది?"

"తప్పని ఎవరన్నారు?"

"నీ మొగం అంటంది."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆమె కూర్చుని నాతో టీ తాగి వెళ్లింది. ఆ నెలలో ఆమె వెనక ఇంకో పదిమంది వెళ్లారు. చార్టు రాసే ఇద్దరిలో ఒకామె కూడా.

బాబాయి ఆ రోజుల్లో నాతో సరిగా మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, మిషన్లు ఆపిన వేళ, ఖాళీగా ఉన్న చాపల వైపు చూస్తూ, "నేర్పి నేర్పి వాళ్ల చేతిలో పెట్టావమ్మా" అన్నాడు. ఆ మాట చాలా రోజులు బాధపెట్టింది. నేను నేర్పకపోతే ఆర్డరు వచ్చేది కాదు. నేర్పాను కాబట్టి మనుషులు పోయారు. రెండూ నిజమే. ఎటు పట్టుకున్నా రెండోది చేతికి తగులుతుంది. కొన్నాళ్లకి ఆయనే మెత్తబడ్డాడు. ఇంటికి పిలిచి భోజనం పెట్టి, "నిన్ను తీసుకొచ్చినప్పుడు నేను కూడా వాళ్ల మనిషినే గదా తెచ్చుకుంది" అన్నాడు. మళ్లీ కొత్తవాళ్లతో మొదలుపెట్టాం. టోపీలు చూసి వీళ్లూ నవ్వారు.

మేస్త్రమ్మ నెలకోసారి ఫోన్ చేసేది. ఒకసారి చెప్పింది, నీలం షెడ్డులో ఆ గాలి తేమ గదిని ఎండలు మరీ ముదిరినప్పుడే వాడుతున్నారట. మిగతా రోజుల్లో తెల్లారుజామున ఎత్తుతున్నారట. కొత్త పద్ధతి అని ఇంగ్లీషులో బోర్డు పెట్టి కింద మేనేజరు సారు పేరు రాశారట.

"నీ పేరు ఉండాల్సింది అక్కా" అన్నాను.

"నా పేరెందుకు, మా అమ్మ పేరుండాల. పోనీలే. ఈడ టీ రెండుసార్లు ఇస్తారు" అంది. పక్కన ఎవరో పిలిస్తే ఫోన్ పెట్టేసింది.

నీలం షెడ్డు నుంచి ఆర్డర్లు మాకు సగానికి పడిపోయాయి. కానీ చార్టు ఉండటం, సరుకు ఏ పొలానిదో చెప్పగలగడం చూసి బెంగళూరు, హైదరాబాదు కొనుగోలుదార్లు ఇద్దరు ముగ్గురు మా దగ్గరికి వచ్చారు. మిల్లు నిలబడింది. అంతకుమించి ఏం చెప్పినా ఎక్కువ చెప్పినట్టే.

ఇప్పుడు నేను వారంలో మూడు రోజులే మిల్లుకి పోతున్నాను. మిగతా రోజులు ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి. మాచవరంలో ఒక రైతుల సంఘం, దాచేపల్లి దగ్గర ఒక గోడౌను, గురజాలలో ఒక చిన్న మిల్లు. ముందు బాబాయి ఒప్పుకోలేదు. తరువాత, "పోయినచోట మన మిల్లు పేరు చెప్పు" అన్నాడు. మా ఆయన మాత్రం నాకు ఒకచోట కాలు నిలవదని అంటాడు. నిలవదు. నిలబడితే ఏదో ఒక వైపు తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. బస్సులో ఉన్నంతసేపు కొంచెం నయం.

గురజాల మిల్లు ఒక ఆమెది. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, మిల్లు ఆమే చూసుకుంటుంది. నీలం షెడ్డువాళ్లు ఆమెను కూడా సరుకు ఇమ్మని అడిగారు. ఒప్పుకోవాలా వద్దా చెప్పమని నన్ను పిలిచింది. నేను ఒప్పుకోమనీ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. మాకు జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. చెప్పేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆమె అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"మొత్తం ఎంతమంది పోయారు మీ దగ్గర నుంచి?"

"పదకొండు మంది."

"నా దగ్గర ఉన్నదే తొమ్మిది మంది గదక్కా."

తరువాతి వారం మళ్లీ వెళ్లాను. మీటర్ కొనుక్కుంది. ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదు.